వడిసెల రాయి ఎటు పోతుంది

నాకు ముక్కు మీద కోపం. ఈమధ్య కాస్త తగ్గిందని మా ఇంట్లోవాళ్ళు అంటారు గానీ నేను నమ్మను. ఇరవై రెండేళ్ళప్పుడు, జగ్గయ్యపేట హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరిన కొత్తలో, ఆ కోపానికి తోడు కాలు కూడా నిలిచేది కాదు. పాఠం చెబుతూ బోర్డు దగ్గర్నుంచి తలుపు దాకా, తలుపు దగ్గర్నుంచి కిటికీ దాకా తిరుగుతూనే ఉండేదాన్ని. ఆడ టీచరు అలా కాలుగాలిన పిల్లిలా తిరగడం చూసి తోటి మేష్టర్లు నవ్వుకునేవారు. నవ్వుకుంటే నవ్వుకోనీ అనుకునేదాన్ని.

తిరగడానికి కారణం లేకపోలేదు. నాది టెంపరరీ ఉద్యోగం. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, వెనక బెంచీలో కూర్చుని నా పాఠం ఒకటి విని, బాగుందని రాస్తే ఖాయమవుతుంది. రాయకపోతే వేసవి సెలవులతో సరి, పెట్టె సర్దుకుని నందిగామ పోవడమే. మా ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషిని నేను. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. నందిగామ పక్కన ఎకరన్నర మెట్ట చేను ఉంది మాకు. అది చాలక అమ్మ ఊళ్ళోవాళ్ళ చేలకు కూలికి పోయేది. నన్ను మాత్రం మిషన్ హాస్టల్లో వేసి, సెలవుల్లో ఇంటికొచ్చినా చేను గట్టు ఎక్కనిచ్చేది కాదు. కొడవలి ముట్టుకోబోతే చేతి మీద కొట్టేది. ఆ ఉద్యోగం పోతే ఆవిడ ముఖం ఎలా చూడాలో నాకు తెలియదు. నిద్రలో కూడా అదే భయం.

రష్యావాళ్ళు ఉపగ్రహాన్ని వదిలింది అప్పుడే. మొదటిది వదిలిన కొన్నాళ్ళకే రెండోదాన్ని, అందులో కుక్కను పెట్టి మరీ వదిలారు. పేటలో ఎక్కడ చూసినా అదే మాట. దీపాలు పెట్టే వేళకు జనం డాబాలెక్కి, వీధి అరుగుల మీద నిలబడి ఆకాశంలోకి చూసేవారు. నక్షత్రం లాంటిది ఒకటి తాపీగా ఆ మూల నుంచి ఈ మూలకు పోయేది. "రష్యా చందమామ" అనేవారు దాన్ని. అది మనం అనుకుంటున్నదేనా, ఇంకేదైనానా అని అడిగేవాళ్ళు లేరు. నన్ను అందరూ అడిగిందల్లా ఒకటే. కిరాణా కొట్టాయన, పాలావిడ, మా ఇంటి ఓనరుగారి తల్లి కూడా అడిగింది.

"అమ్మాయ్, నువ్వు సైన్సు టీచరువి గదా. అది కింద పడదేమే?"

ఇన్‌స్పెక్షన్ పాఠం కూడా అదే పెట్టమన్నారు హెడ్మాస్టరు గారు. ఆయన తెల్ల పంచె, నల్ల కోటు మనిషి. ఎప్పుడూ ముక్కుపొడుం మరకల చేతిరుమాలుతో ఉండేవారు. చెడ్డవారు కాదు. నా ఉద్యోగం ఖాయం కావాలని నాకంటే ఎక్కువ ఆరాటపడ్డారు.

"పేపర్లో ఉన్న పాఠం పెడితే ఇన్‌స్పెక్టరు గారు ముచ్చటపడతారమ్మా. ఎనిమిదో తరగతికి చెప్పండి. ఇప్పట్నుంచే మొదలుపెట్టండి మరి," అన్నారు.

మొదలుపెట్టడమంటే ఏమిటో ఆ రోజుల్లో బడికెళ్ళినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఇన్‌స్పెక్షన్ పాఠాన్ని నాటకంలా రిహార్సల్ చేయించేవాళ్ళం. నేను అడగబోయే ప్రశ్నలు ముందే ఖాయం, జవాబులు ముందే ఖాయం. ప్రశ్న అడగ్గానే తరగతి మొత్తం చేతులెత్తాలి. జవాబు వచ్చినవాళ్ళు కుడి చెయ్యి, రానివాళ్ళు ఎడమ చెయ్యి. ఇన్‌స్పెక్టరు గారికి చేతుల అడవి కనిపిస్తుంది, నేను కుడి చేతుల్ని మాత్రం లేపుతాను. ఇది నేను కనిపెట్టిన మోసం కాదు. నేను చదువుకున్నప్పుడు నాతోనూ అలాగే ఎడమ చెయ్యి ఎత్తించారు.

బోర్డు మీద ఒక బొమ్మ గీశాను. మధ్యలో మనిషి, చేతిలో దారం, దారం చివర రాయి. రాయి గుండ్రంగా తిరుగుతోంది. దారం తెగితే రాయి ఎటు పోతుంది? కేంద్రం నుంచి తిన్నగా బయటికి. బాణం గుర్తు కూడా ఎర్ర సుద్దతో బయటికే వేశాను. ట్రైనింగులో "తిరిగే వస్తువు కేంద్రానికి దూరంగా పోవాలని చూస్తుంది" అని రాసిచ్చారు. దూరంగా అంటే తిన్నగా బయటికే కదా అనుకున్నాను. ఒక్కసారి తిప్పి చూద్దామన్న ఆలోచన రాలేదు. దాని మీదే పెద్ద జవాబు కట్టాను: భూమి లోపలికి లాగుతుంది, తిరగడం వల్ల పుట్టిన తోపుడు బయటికి నెడుతుంది, రెండూ సరిసమానం, కాబట్టి ఉపగ్రహం పడదు. వినడానికి ఎంత బాగుందో. నలభై మంది చేతా పదిసార్లు అనిపించాను.

రెండో రోజో మూడో రోజో ఒక పిల్ల లేచింది. పేట అంచున ఉండే సన్నకారు రైతు కూతురు. పొద్దున్నే చేలో పిట్టలు తోలి, కాళ్ళకు దుమ్ముతోనే బడికొచ్చేది. సన్నగా, నల్లగా, కళ్ళు మాత్రం ఇంతింత.

"టీచరు గారండి, రాయి అటు పోదండి," అంది.

"ఎటు పోద్ది మరి?"

"పక్కకి పోద్దండి. వడిసెల తిప్పితే అట్టా బయటికి పోదండి."

వడిసెల అంటే రెండు తాళ్ళూ, మధ్యలో రాయి పట్టే అల్లిక సంచీ. ఒక తాడు వేలికి తగిలించుకుని, రెండోది బొటనవేలి కింద పట్టుకుని, తల మీదుగా గిరగిరా తిప్పి, రెండోదాన్ని వదిలేస్తే రాయి దూసుకుపోతుంది. జొన్న కంకి గింజ పట్టే రోజుల్లో మా మెట్ట చేలల్లో మంచెల మీద అందరి చేతుల్లోనూ అదే. నా చేతిలో తప్ప. నా చేతికి అమ్మ అందనిచ్చింది లేదు కదా.

తరగతిలో కిసకిస నవ్వులు వినిపించాయి. నాకు ఒళ్ళు మండింది. ఇన్‌స్పెక్షన్ నెత్తి మీద ఉంది, తిండి సరిగా దిగడం లేదు, ఈ పిల్ల నా బొమ్మకే ఎసరు పెడుతోంది. "పుస్తకం నువ్వు రాశావా, నేను రాశానా? ఎక్కు బెంచీ," అన్నాను. ఎక్కింది. ఆ పీరియడంతా నిలబడే ఉంది. ఏడవలేదు. మర్నాటి నుంచి ఆ ప్రశ్న అడిగినప్పుడల్లా ఎడమ చెయ్యి ఎత్తేది. నేను పట్టించుకోలేదు. దారికొచ్చింది లెమ్మనుకున్నాను.

తర్వాతి శనివారం ఒంటిపూట బడి వదిలేముందు హెడ్మాస్టరు గారు పిలిచి, ఇన్‌స్పెక్టరు గారు ఆపై వారం కాదు, ఈ సోమవారమే వస్తున్నారని చెప్పారు. పేటలో ఉండలేక మధ్యాహ్నం బస్సుకే నందిగామ బయల్దేరాను. ఆ బస్సు చిల్లకల్లు దగ్గర ఆగి అరగంట కదల్లేదు. నేను దిగి, ఎక్కి, మళ్ళీ దిగి, డ్రైవరుతో గొడవపడి, ఊరికే రోడ్డు మీద అటూ ఇటూ నడిచాను.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి రాగానే అమ్మ చీర మార్చుకుని చేలోకి బయల్దేరింది. "ఆదివారం కూడా ఏంటమ్మా?" అంటే, "పిట్టలకి ఆదివారం లేదుగా," అంది. ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చోలేక వెనకే వెళ్ళాను. ఆ ఏడు మాత్రం నన్ను గట్టు ఎక్కొద్దనలేదు. ఉద్యోగం చేసే పిల్లని కదా.

మంచె కింద నిలబడి చూస్తున్నాను. మంచెకు ఎదురుగా జీనువాయి పిట్టలు మబ్బులా దిగాయి. అమ్మ వడిసెల తిప్పింది. మూడు చుట్లు. వదిలింది. రాయి తిన్నగా వెళ్ళి ఆ గుంపు మధ్యలో పడింది, పిట్టలన్నీ లేచిపోయాయి. నేను అదేమీ చూడటం లేదు. అమ్మ చెయ్యి చూస్తున్నాను. తాడు వదిలినప్పుడు సంచి ఆవిడకు కుడి పక్కన ఉంది. పిట్టలు ఎదురుగా ఉన్నాయి. నా బొమ్మే నిజమైతే రాయి కుడి పక్కకు పోయి పక్కవాళ్ళ కందిలో పడాలి.

"అమ్మా, మళ్ళీ తిప్పు."

"పిట్టలు లేవుగా."

"లేకపోతే లేవు. తిప్పు. ఎప్పుడు వదుల్తున్నావో చెప్పు."

"ఎప్పుడు వదుల్తానో నాకేం తెలుసే? చెయ్యే వదిలిద్ది." అయినా తిప్పింది, నెమ్మదిగా. రాయి కుడి పక్కకు రాగానే వదిలింది. రాయి ఎదురుగా పోయింది. ఇంకోసారి. ఇంకోసారి. పదిసార్లయినా అడిగి ఉంటాను. "పిచ్చిపట్టిందా నీకు?" అంది అమ్మ చివరికి.

పట్టినట్టే ఉంది. ఆ రాయి బయటికి పోవాలని అనుకోవడం లేదు. ఏ క్షణాన ఎటు పోతోందో అటే తిన్నగా పోవాలని చూస్తోంది. తాడు దాన్ని క్షణక్షణం లోపలికి గుంజి దారి వంచుతోంది, అంతే. తాడు వదిలితే అది తన దారిన పోతుంది. బయటికి నెట్టేవాడు అసలు ఎవడూ లేడు. మరి రష్యా చందమామను నిలబెట్టేది ఎవరు? ఎవరూ నిలబెట్టడం లేదు. అది పడుతూనే ఉంది. పక్కకు అంత వేగంగా పోతోంది కాబట్టి, అది పడేలోపు కింద భూమి కూడా గుండ్రంగా వంగి దిగిపోతోంది. ఎంత పడినా నేల అందదు. ఈ సంగతి తట్టగానే అమ్మతో చెప్పకుండా ఉండలేకపోయాను.

"నువ్వు బాగా బలంగా విసిరావనుకో, రాయి నందిగామ దాటుద్ది. ఇంకా బలంగా అయితే బెజవాడ దాటుద్ది. ఇంకా, ఇంకా బలంగా, గాలి కూడా అడ్డం రాలేదనుకో, సముద్రం దాటి భూమంతా చుట్టి..."

"ఎనక నుంచి వచ్చి నా నెత్తిన పడిద్దా?" అంది అమ్మ. "చాల్లే. నీడకి పో, ఎండకి మాడిపోతన్నావు."

అప్పుడు నవ్వొచ్చింది గానీ, ఇంటికొచ్చాక నవ్వు పోయింది. నలభై మంది పిల్లలకు తప్పు బట్టీ కొట్టించాను. నిజం చెప్పిన ఒక్క పిల్లనూ బెంచీ ఎక్కించాను. తెల్లవారితే ఇన్‌స్పెక్టరు గారు. వెళ్ళేటప్పుడు అమ్మనడిగి వడిసెలను నా సంచిలో పెట్టుకున్నాను. ఎందుకో నాకే సరిగా తెలియదు.

సోమవారం బస్సు దిగి పరిగెత్తుకుంటూ బడికి పోయేసరికి మామిడి తోరణాలు, ముగ్గులు, ఉతికిన చొక్కాల పిల్లలు. హెడ్మాస్టరు గార్ని వరండాలో పట్టుకున్నాను.

"సార్, ఆ బొమ్మ తప్పండి. రాయి బయటికి పోదండి, పక్కకి పోద్దండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఇప్పుడా అమ్మా చెప్పేది? ఆయన నా గదిలో కాఫీ తాగుతున్నారు. పిల్లలు బట్టీ కొట్టింది ఇప్పుడు మారిస్తే అదీ ఇదీ రెండూ పోతాయి. ఉన్నది ఉన్నట్టు లాగించండి. మీ మేలు కోరి చెప్తున్నా."

మూడో పీరియడుకు వచ్చారు. ఇన్‌స్పెక్టరు గారు పెద్దాయన, చిన్న గొంతు, చేతిలో నల్ల అట్ట నోటుబుక్కు. వెనక బెంచీలో కూర్చున్నారు. పక్కన హెడ్మాస్టరు గారు. నేను మొదలుపెట్టాను. చేతుల అడవి లేచింది. ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు, నూనె రాసిన గిలకలా సాగిపోతోంది. బొమ్మ గీయడానికి మాత్రం చెయ్యి రాలేదు, వదిలేశాను. చివరికి ఆ ప్రశ్నా వచ్చింది. దారం తెగితే రాయి ఎటు పోతుంది? ముందు బెంచీ పిల్లవాణ్ణి లేపాను. "కేంద్రం నుంచి తిన్నగా బయటికి పోతుందండి," అని గడగడా చెప్పేశాడు. ఇన్‌స్పెక్టరు గారు తల ఊపి ఏదో రాసుకున్నారు.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. తర్వాతి ప్రశ్నకు పోవాలి. చేతులన్నీ దిగాయి. మూడో వరసలో ఆ పిల్ల ఎడమ చెయ్యి మాత్రం ఇంకా దిగలేదు. మరిచిపోయి ఉంచిందో, కావాలనే ఉంచిందో.

"నువ్వు లే," అన్నాను.

తరగతంతా బిత్తరపోయింది. ఎడమ చెయ్యిని లేపడం ఆటలో లేదు మరి. హెడ్మాస్టరు గారి చేతిలో రుమాలు ఆగిపోయింది. నేను సంచిలోంచి వడిసెల తీసి ఆ పిల్ల చేతికిచ్చాను. "బయటికి పద. తిప్పి చూపించు."

అందరం ఆటస్థలంలోకి వచ్చాం. గోడ దగ్గర తుమ్మచెట్టు ఉంది. దానికి ఎదురుగా నిలబడి, చిన్న రాయి ఏరుకుని, ఆ పిల్ల వడిసెల తిప్పింది. "సంచి ఎక్కడున్నప్పుడు వదుల్తుందో చూడండి," అని నేను అరుస్తున్నాను. కుడి పక్కన వదిలింది. రాయి ఎదురుగా పోయి చెట్టు మొదలుకు ఠప్పున తగిలింది. ఇన్‌స్పెక్టరు గారు "మళ్ళీ," అన్నారు. మళ్ళీ తగిలింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ముందుకొచ్చి నిలబడి, "ఇంకొక్కసారి," అన్నారు. మూడోసారీ తగిలింది. అప్పుడు పడుతూనే ఉండే ఉపగ్రహం గురించి, వంగిపోయే భూమి గురించి, నిన్న అమ్మకు చెప్పినట్టే చెప్పాను. బాగా చెప్పానని నాకే తెలుస్తోంది.

"బాగుంది," అన్నారాయన. తర్వాత నుదురు ముడిచారు. "మరి లోపల ఆ అబ్బాయి తిన్నగా బయటికి అన్నాడేం? మీరూ కాదనలేదు కదా?"

హెడ్మాస్టరు గారు నా వంక చూశారు. నేను నోరు తెరిచాను. నేనే తప్పు చెప్పానండి, ఈ పిల్లను కొట్టినంత పని చేశానండి, అనాలి. నాలుగు మాటలు. అమ్మ మంచె మీద నిలబడి ఉన్నట్టు కళ్ళ ముందు కనబడింది.

ఆ పిల్ల వడిసెల చుట్టుకుంటూ, తల ఎత్తకుండా అంది. "మేమే తప్పు బట్టీ కొట్టామండి. టీచరు గారు ఇట్టాగే చెప్పారండి."

ఇన్‌స్పెక్టరు గారు నవ్వారు. "ఉపాధ్యాయిని బోధన ప్రశస్తం. పిల్లలు మందమతులు," అని పైకి చదువుతూ రాసుకున్నారు. కాదండి అనడానికి అప్పుడైనా సమయం ఉంది. అనలేదు. ఆయన భోంచేస్తుంటే, కిటికీలోంచి కనబడేలా హెడ్మాస్టరు గారు ఎనిమిదో తరగతి మొత్తాన్ని ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టారు, టీచరు గారు చెప్పింది సరిగా నేర్చుకోనందుకు. ఆ పిల్లనూ నిలబెట్టారు. నేను వరండా స్తంభం పక్కన నిలబడి చూశాను. ఇన్నేళ్ళలో నేను చేసిన పనుల్లో దానంత నీచమైనది ఇంకోటి లేదు.

మర్నాడు తరగతిలోకి వెళ్ళి తలుపు వేశాను. ఈసారి తిరగకుండా బల్ల పట్టుకుని నిలబడ్డాను. "తప్పు మీది కాదు. నాది. ఆ బొమ్మ నాకే తెలియక గీశాను," అన్నాను. చెప్పేశాను గదా, ఇక వాళ్ళు ఆశ్చర్యపోతారనుకున్నాను. ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మాకు తెలుసండి," అంది ఆ పిల్ల.

"నీకు తెలుసులే. నువ్వు చెప్పావుగా."

"నాకే కాదండి. అందరికీ తెలుసండి. అందరం వడిసెల తిప్పేవాళ్ళమేగా అండి."

నాకు తల కొట్టేసినట్టయింది. ముందు బెంచీ పిల్లవాడి వంక చూశాను. తిన్నగా బయటికి అని గడగడా అప్పజెప్పినవాడు. "నీక్కూడానా?" అన్నాను. తల ఊపాడు.

"మరి ఎందుకురా అన్ని రోజులూ తప్పు చెప్పారు?"

వాడు లేచి నిలబడ్డాడు. "ఈమె బెంచీ ఎక్కిన రోజు సాయంత్రం హెడ్మాస్టరు గారు మా దగ్గరకొచ్చారండి. ఈ పాఠం మీదే టీచరు గారి ఉద్యోగం ఉంది, ఆవిడ ఏం చెప్తే మీరూ అదే చెప్పండి, ఎదురు మాట్లాడొద్దు అన్నారండి. అందుకని చెప్పామండి."

నలభై మంది, తమ చేతులకు తెలిసిన సంగతిని నా కోసం తెలియనట్టు అప్పజెప్పారు, ఆనక నా బదులు ఎండలో మోకాళ్ళ మీద నిలబడ్డారు. ఆ మోకాళ్ళ వంక చూడాలన్నా నాకు సిగ్గేసింది.

ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది. ఏదో అడగాలని ఉండి, అడగొచ్చో లేదో తెలియక పక్కపిల్ల వంక చూసింది.

"ఏంటి, అడుగు," అన్నాను.

"మీ ఉద్యోగం ఖాయమైందా అండి?"